సత్యవతి వెళ్ళిపోవడం సరైనదేనా?
మేము చదివిన నవలలు, మాలో మేము పడిన తగువులు

(పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య చదివిన నవలల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు కొంచెం సంకోచించాను. నేను విమర్శకురాలిని కాను. శిల్పం, శైలి, కథన పద్ధతి అంటూ మాట్లాడటం నాకు చేతకాదు. అయితే రెండేళ్ళుగా మేం పదకొండు మంది స్త్రీలం నెలకు రెండు శనివారాలు ఒక కుట్టు కేంద్రం వెనక గదిలో కూర్చుని నవలలు చదువుకుంటున్నాం. ఆ గదిలో జరిగిన విషయాలు చెప్పగలను. అవి మీకు ఉపయోగపడతాయనే ధైర్యంతో వచ్చాను.

మా బృందంలో అంగన్‌వాడీ టీచరు ఉన్నారు. బీడీలు చుట్టే వాళ్ళు ముగ్గురున్నారు. ఒక ఆశా కార్యకర్త, బట్టలు కుట్టే ఇద్దరు అక్కచెల్లెళ్ళు, ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే అమ్మాయి, ఇలా రకరకాల వాళ్ళం. ముగ్గురికి చదవడం రాదు. అందుకే ఒకరు పైకి చదువుతారు, మిగిలిన వాళ్ళం వింటాం. తెలుగులో దొరకని నవలలైతే నేను ఇంగ్లీషులో చదివి, వచ్చి కథలాగా చెబుతాను. బీడీలు చుట్టేవాళ్ళు చాటలు వెంట తెచ్చుకుంటారు. చేతులు పనిలో ఉంటాయి, చెవులు కథలో ఉంటాయి.

ఇది కొత్త సంగతేమీ కాదు. మన అమ్మలు వారపత్రికల్లో వచ్చిన సీరియళ్ళు చించి, వరసగా పేర్చి, బైండు చేయించి దాచుకున్నారు. ఆ పుస్తకం వీధిలో పది ఇళ్ళు తిరిగి అంచులు నలిగి తిరిగొచ్చేది. మాలతీ చందూర్ గారు 'పాత కెరటాలు' శీర్షికతో ఇంగ్లీషు నవలల కథలు తెలుగులో చెబుతూ ఉంటే, ఇంగ్లీషు అక్షరం రాని ఆడవాళ్ళు కూడా ఆ నవలల్లోని మనుషుల గురించి మాట్లాడుకునేవారు. "ఆడవాళ్ళు పనులు మానేసి నవలలు చదువుతారు" అని మగవాళ్ళు ఎగతాళి చేశారు. చదివినదాని గురించి ఆ ఆడవాళ్ళు బావి దగ్గరా, పిట్టగోడ దగ్గరా ఏం మాట్లాడుకున్నారో మాత్రం ఎవరూ రాసిపెట్టలేదు. మన సాహిత్య చరిత్రల్లో రచయితలున్నారు, రచయిత్రులు కొందరున్నారు. పాఠకురాలు లేదు. అందుకని ఈరోజు నవలల గురించి ఎంత చెబుతానో పాఠకురాళ్ళ గురించీ అంతే చెబుతాను.

ముందుగా బెంగాలీ రచయిత్రి ఆశాపూర్ణాదేవి 'ప్రథమ ప్రతిశ్రుతి'. 1964లో వచ్చిన నవల. ఈ నవలకే ఆమెకు 1976 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం వచ్చింది. ఆ పురస్కారం అందుకున్న మొదటి స్త్రీ ఆమే. 1909లో పుట్టిన ఆశాపూర్ణాదేవిని బడికి పంపలేదు. అన్నదమ్ములు చదువుకుంటుంటే ఎదురుగా కూర్చుని అక్షరాలు నేర్చుకున్నారు. తర్వాత ఇల్లు, వంట, పిల్లలు అన్నీ చూసుకుంటూనే జీవితమంతా రాశారు. ఈ విషయం చెప్పగానే మా బీడీ కార్మికురాలు ఒకామె, "అయితే ఆమె మనసొంటిదే" అంది. అక్కడితో ఆ రచయిత్రి మాకు పరాయిది కాకుండా పోయింది.

కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. సత్యవతి పల్లెటూళ్ళో పేరున్న వైద్యుడు రామకాళి కూతురు. ఎనిమిదేళ్ళకే పెళ్ళయింది. అయినా ప్రశ్నలు అడగడం మానదు. ఆడపిల్ల చదవకూడదని ఏ శాస్త్రంలో ఉంది, అన్నకు ఉన్న హక్కు నాకెందుకు లేదు అని అడుగుతూనే పెరుగుతుంది. భర్త నవకుమార్ చెడ్డవాడు కాదు, పిరికివాడు. అత్త ఏలోకేశి కోడలి పొగరు అణచాలని చూసే మనిషి. సత్యవతి పట్టుబట్టి కాపురాన్ని కలకత్తాకు మారుస్తుంది. కొడుకులతో పాటు కూతురు సువర్ణను కూడా చదివించాలనేదే ఆమె జీవితాశయం. తనకు దక్కనిది తన బిడ్డకు దక్కాలి. ఆ సువర్ణను బడి సెలవుల్లో నాయనమ్మ ఊరికి తీసుకువెళతారు. తల్లికి చెప్పకుండా తొమ్మిదేళ్ళ పిల్లకు పెళ్ళి చేసేస్తారు. సత్యవతి చేరేసరికి అంతా అయిపోతుంది. ఆమె ఏడవదు, శపించదు. వచ్చిన దారినే వెనక్కు తిరుగుతుంది. ఎవరు బతిమాలినా ఆగదు. భర్తనూ కాపురాన్నీ వదిలి కాశీలో ఉన్న తండ్రి దగ్గరకు వెళ్ళిపోతుంది.

నేను ఈ నవలను చాలా ఏళ్ళ కిందట ఒక్కదాన్నే చదివినప్పుడు సత్యవతికి మనసులోనే దండం పెట్టుకున్నాను. ఇంతకంటే గొప్ప ధిక్కారం ఏముంటుంది అనుకున్నాను. మా గదిలో కథ చెప్పినప్పుడు కూడా అందరూ అలాగే అంటారని ఎదురు చూశాను. మొదట అన్నారు కూడా. "మంచి పని చేసింది", "ఆ మొగుడికి అట్లనే కావాలె" అన్నారు. అప్పుడు మా అంగన్‌వాడీ టీచరు అంతదాకా నోరు విప్పనిది ఒక్కసారిగా, "ఆమెకు కాశీలో నాయన ఉన్నడు. నాయన లేనోళ్ళు ఎక్కడికి పోవాలె?" అంది. గదిలో చప్పుడు ఆగిపోయింది. నేను జవాబు వెతుక్కునేలోగా, చాట ముందు కూర్చున్న పెద్దామె తల ఎత్తకుండానే ఇంకో మాట అంది: "ఆమె పోయింది, మంచిగనే ఉంది. మరి పిల్ల ఏం జేసింది? పిల్లను కూడా ఇడిసిపెట్టే పోయింది గదా."

నిజం చెబుతున్నాను, అంతకాలం నాకు తట్టని ప్రశ్న అది. నేను సత్యవతి ముఖంలోకే చూస్తూ చదివాను. పెళ్ళి పీటల మీద మిగిలిపోయిన సువర్ణ వైపు చూడలేదు.

ఆ ప్రశ్నకు జవాబు ఆశాపూర్ణాదేవి రెండో నవలలో ఉంది. 1967లో వచ్చిన 'సువర్ణలత'. తర్వాత 1974లో వచ్చిన 'బకుల్ కథ'తో మూడు తరాల కథ పూర్తవుతుంది. తల్లి వెళ్ళిపోయింది. ఆ వెళ్ళిపోవడానికి మూల్యం కూతురు చెల్లించింది. ఇల్లు వదిలేసిన దాని కూతురని అత్తవారింట్లో జీవితమంతా దెప్పిపొడుపులు పడింది. సువర్ణలత కోరుకున్నది పెద్దదేమీ కాదు. కట్టబోయే కొత్త ఇంటికి ఒక వరండా. వీధి కనబడే, గాలి తగిలే చిన్న చోటు. పెడతామని భర్త మాట ఇస్తాడు. గృహప్రవేశం రోజు ఆమె గది తర్వాత గది వెతుక్కుంటూ తిరుగుతుంది. వరండా లేదు. ఆ వెతుకులాట గురించి చెబుతున్నప్పుడు మా కుట్టు పని చేసే చెల్లెలు కళ్ళు తుడుచుకుంది. తర్వాత చెప్పింది, వాళ్ళింట్లో వంటగదికి కిటికీ లేదట. ఇల్లు కట్టేటప్పుడు అడిగితే, "వంటింట్లోంచి నువ్వు ఏం చూడాలి?" అన్నారట.

ఇంకో సంగతి. సువర్ణలత దొంగచాటుగా తన జీవిత కథ రాసుకుంటుంది. దాన్ని అచ్చు వేయిస్తుంది. అచ్చు తప్పులతో, నాసిరకం కాగితంతో వచ్చిన ఆ పుస్తకాన్ని చూసి ఇంట్లో వాళ్ళంతా పకపకా నవ్వుతారు. సొంత కొడుకులు కూడా నవ్వుతారు. ఆమె ఆ పుస్తకాలన్నిటినీ మేడ మీదకు తీసుకువెళ్ళి తగలబెడుతుంది. ఆ మంటను చూసిన కూతురు బకుల్ పెద్దయ్యాక రచయిత్రి అవుతుంది. ఇక్కడ పైకి కనబడే హింస లేదు. ఒక నవ్వు, అంతే. ఆ నవ్వు ఎంత పని చేస్తుందో మనలో వేదిక మీద మొదటిసారి మాట్లాడిన ప్రతి స్త్రీకీ తెలుసు.

ఈ 'సువర్ణలత' కథ చెప్పిన రోజునే మా అంగన్‌వాడీ టీచరు అసలు విషయం బయటపెట్టింది. ఆమె అనుమతితోనే చెబుతున్నాను. ఊరు, కుటుంబం తెలిసే వివరాలు చెప్పను. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న కూతురికి సంబంధం ఖాయం చేశారు. పరీక్షలయ్యాక పెళ్ళి. అమ్మాయికి పద్దెనిమిది నిండడానికి ఇంకా ఏడు నెలలుంది.

అప్పుడు నేనొక పొరపాటు చేశాను. కార్యకర్తగా అలవాటైన నోరు కదా, వెంటనే చట్టం చెప్పడం మొదలుపెట్టాను. 1929 శారదా చట్టం నుంచి 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం దాకా ఎత్తుకున్నాను. ఆమె నన్ను ఆపి, "ఆ చట్టం ఊరందరికీ చెప్పేది నేనే గదా మేడం" అంది. గోడల మీద ఆ నినాదాలు రాయించేది ఆమే. పెళ్ళిళ్ళు జరుగుతున్నాయని తెలిస్తే పై అధికారులకు కబురు పెట్టేదీ ఆమే. ఆమెకు తెలియనిది చట్టం కాదు. భర్త తాగుడు, అప్పు, రోజూ బస్సులో వెళ్ళి వచ్చే పిల్ల గురించి భయం, "రేపు ఏదన్నా జరిగితే నాదే తప్పంటారు" అనే బెంగ, ఇవన్నీ కలిసి ఆమెను అక్కడికి తోశాయి. ఆరోజు ఆమె "నాయన లేనోళ్ళు ఎక్కడికి పోవాలె" అని అడిగింది సత్యవతి గురించి కాదని నాకు అప్పుడు అర్థమైంది.

నేను నోరు మూసుకున్నాను. చాట ముందు పెద్దామె మాత్రం ఒక్కటే అడిగింది: "బిడ్డను అడిగినవా?"

అడగలేదు. అంతమందిని కూర్చోబెట్టి ఆడపిల్లల హక్కుల గురించి చెప్పే మనిషి సొంత బిడ్డను అడగలేదు. సత్యవతికి చెప్పకుండా సువర్ణకు పెళ్ళి చేశారని మేమందరం కోపగించుకున్నాం. సువర్ణను అడగాలని మాత్రం సత్యవతికి గానీ, మాకు గానీ తట్టలేదు.

తర్వాత ఏమైందని మీరు అడుగుతారు. ఆమె ఇంటికి వెళ్ళి కూతురికి వరండా కథ చెప్పిందట. ఆ అమ్మాయి డిగ్రీలో చేరాలని ఉందని అప్పుడు చెప్పిందట. ఇంట్లో గొడవ జరిగింది. పెళ్ళివారు సణిగారు. పెళ్ళి వాయిదా పడింది. అమ్మాయికి ఇప్పుడు పద్దెనిమిది నిండాయి, డిగ్రీ మొదటి సంవత్సరంలో ఉంది. సంబంధం ఇంకా తెగిపోలేదు, పెళ్ళి ఇంకా కాలేదు. దీన్ని నవల సాధించిన విజయమని నేను చెప్పను. వాయిదా అనేది చిన్న మాట. కానీ ఆ వాయిదాలో ఒక అమ్మాయి తన మాట తాను చెప్పింది.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ళ స్త్రీలలో పద్దెనిమిది నిండకుండానే పెళ్ళయినవాళ్ళు దేశంలో 23.3 శాతం. తెలంగాణలో 23.5, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. చట్టంలో ఒక మెలిక కూడా ఉంది. 2006 చట్టం కింద బాల్యవివాహం జరిపించడం నేరమే. కానీ బలవంతంగా ఎత్తుకుపోవడం, అమ్మేయడం లాంటి సందర్భాల్లో తప్ప ఆ పెళ్ళి దానంతటది చెల్లకుండా పోదు. చిన్నతనంలో పెళ్ళయిన మనిషి, మేజరయ్యాక రెండేళ్ళలోగా, కోర్టుకు వెళ్ళి రద్దు చేయమని అడగాలి. అంటే ఆ భారం సువర్ణ మీదే పడింది. అమ్మాయిల పెళ్ళి వయసు 21కి పెంచాలని 2021లో ప్రవేశపెట్టిన బిల్లు 2024లో లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది. వయసు అంకె పెంచితే సరిపోతుందా, పిల్లను అడగడం ఎప్పుడు మొదలుపెడతాం అని మా గదిలో ఇప్పటికీ వాదన నడుస్తూనే ఉంది.

రెండో నవల దూరదేశానిది. దక్షిణ కొరియా రచయిత్రి చో నామ్-జూ రాసిన 'కిమ్ జియంగ్, జననం 1982'. కొరియన్‌లో 2016లో వచ్చింది. ఇంగ్లీషులో 2020లో వచ్చింది. ఇందులో సత్యవతి లాంటి వీరనారి లేదు. కిమ్ జియంగ్ ఎవరైనా కావచ్చు. మామూలు ఇల్లు, మామూలు చదువు, మామూలు ఉద్యోగం. బిడ్డ పుట్టాక ఉద్యోగం మానేయాల్సి వస్తుంది. ఒకరోజు బిడ్డను తోపుడు బండిలో పడుకోబెట్టి పార్కులో కూర్చుని కాఫీ తాగుతుంటే, పక్కనున్న మగవాళ్ళు మొగుడి సంపాదన తిని తిరిగే "అమ్మ పురుగు" అంటారు. ఆమె ఉన్నట్టుండి వేరే స్త్రీల గొంతులతో మాట్లాడటం మొదలుపెడుతుంది. ఒకసారి తన తల్లిలా, ఒకసారి చనిపోయిన స్నేహితురాలిలా.

ఈ మాట చెప్పగానే మా వాళ్ళు, "అంటే దేవరొచ్చిందన్నమాట" అన్నారు. నేను ఉలిక్కిపడ్డాను. నిజమే, మన ఊళ్ళలో కూడా ఎదురుచెప్పలేని ఆడమనిషికి పూనకం వచ్చినప్పుడే ఇంట్లోవాళ్ళు ఆమె మాట వింటారు. ఈ నవల గురించి నేను విన్న వ్యాఖ్యానాల్లో నాకు బాగా నచ్చింది ఇదే.

జియంగ్ తల్లి చిన్నప్పుడు ఫ్యాక్టరీలో పనిచేసి అన్నదమ్ములను చదివించింది. తనకు టీచరు కావాలని ఉండేది. ఇద్దరు కూతుళ్ళ తర్వాత మూడో కాన్పు కూడా ఆడపిల్లేనని తెలిసి కడుపు తీయించుకుంటుంది. రచయిత్రి కథ మధ్యలో గణాంకాలు ఇస్తుంది. దక్షిణ కొరియాలో 1990లో వంద మంది ఆడపిల్లలకు 116 మందికి పైగా మగపిల్లలు పుట్టారు. మన దగ్గర 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం ఎందుకు తెచ్చుకోవాల్సి వచ్చిందో మీకు చెప్పనక్కర లేదు. మా ఆశా కార్యకర్త ఆ భాగం రెండుసార్లు చెప్పించుకుంది.

నాకు అన్నిటికంటే గుచ్చుకున్నది ముగింపు. ఈ కథ చెబుతున్నది జియంగ్‌కు వైద్యం చేసే మగ డాక్టరు. ఆమె బాధ తనకు అర్థమైందంటాడు. పిల్లవాడి కోసం తన భార్య కూడా వృత్తి మానుకుందని గుర్తు చేసుకుంటాడు. చివరికి తన దగ్గర పనిచేసే ఆమె గర్భవతై ఉద్యోగం మానేస్తుంటే, ఈసారి పెళ్ళికానిదాన్ని పెట్టుకోవాలి అనుకుంటాడు. అంతే, నవల అయిపోయింది. సానుభూతి ఉన్న మగవాళ్ళతో కలిసి పనిచేసే మనందరికీ ఆ చివరి వాక్యం అర్థమవుతుంది. మన సంస్థల్లో ప్రసూతి సెలవు అడిగిన అమ్మాయిలకు మనం ఏం చెప్పామో కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి.

ఈ నవల కొరియాలో పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడైంది. 2017లో ఒక పార్లమెంటు సభ్యుడు దీన్ని దేశాధ్యక్షుడికి కానుకగా ఇచ్చాడు. 2018లో ఒక ప్రముఖ యువ గాయని ఈ నవల చదివానని అంది. ఆ ఒక్క మాటకే కొందరు అభిమానులు ఆమె ఫొటోలు తగలబెట్టారు. ఆమె ఏ సిద్ధాంతమూ చెప్పలేదు. ఫలానా పుస్తకం చదివాను అన్నది, అంతే. సువర్ణలత తన పుస్తకాలను తానే కాల్చుకుంది, ఇక్కడ చదివినదాని బొమ్మలు కాల్చారు. స్త్రీ ఒంటరిగా, మౌనంగా చదువుకున్నంతకాలం లోకానికి అభ్యంతరం లేదు. చదివానని నలుగురిలో చెప్పినప్పుడే అది తగువవుతుంది.

మన తెలుగులోనూ ఈ తగువులు జరిగాయి. 1987లో ఓల్గా గారి 'స్వేచ్ఛ' వచ్చినప్పుడు, నచ్చినవాణ్ణి చేసుకుంటే స్వేచ్ఛ దొరుకుతుందనుకున్న అరుణ అది దొరకక ఎందుకు ఉక్కిరిబిక్కిరైందో అర్థం చేసుకునే బదులు, "ఆమెకేం తక్కువైంది?" అని అడిగినవాళ్ళున్నారు. మా బృందంలో వచ్చే నెల ఆ నవలే మొదలుపెడుతున్నాం. "ఏం తక్కువైంది" అనే ప్రశ్న మా గదిలోనూ వస్తుందని నాకు తెలుసు. రావాలి కూడా.

ఇలాంటి బృందాలు పెట్టుకోవాలనుకునే వాళ్ళకు మా అనుభవంలో తేలినవి కొన్ని చెప్పి ముగిస్తాను. నవలను శిక్షణ తరగతి చేయకండి. చివర్లో నీతి చెప్పకండి. చదవడం రాని మనిషికి అభిప్రాయం చెప్పే హక్కు చదువుకున్న మనిషితో సమానం. మా గదిలో అసలైన ప్రశ్నలు అడిగింది ఆ ముగ్గురే. "ఇది నీ కథేనా?" అని ఎవరినీ అడగకండి. పాత్ర పేరు చాటున మాట్లాడే వీలు ఉంది గనుకనే చాలామంది నోరు విప్పుతారు, ఆ చాటును లాగేయకండి. గదిలో విన్నది గది దాటనివ్వకండి. ఒకసారి నిధులిచ్చే సంస్థవాళ్ళు వచ్చి, ఈ సమావేశాల వల్ల ఎంతమందిలో మార్పు వచ్చిందో రాసివ్వమన్నారు. మేం చదివిన పేజీల సంఖ్య మాత్రం రాసిచ్చాం.

సత్యవతి వెళ్ళిపోవడం సరైనదేనా? రెండేళ్ళయినా మా పదకొండు మందికీ ఒకే అభిప్రాయం కుదరలేదు. ఆమె వెళ్ళకపోతే ఆ అన్యాయానికి తలవంచినట్టే అవుతుందని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే ఇప్పుడు ఆ మాట అనేటప్పుడు పీటల మీద కూర్చున్న పిల్ల కూడా నా కళ్ళముందు ఉంటుంది. ఒక్కదాన్నే చదివి ఉంటే ఆ పిల్ల నాకు ఎప్పటికీ కనబడేది కాదు.

మీరు ఏమనుకుంటున్నారో ఇప్పుడు మీరు చెప్పండి. వినడానికే వచ్చాను.